శిలీంధ్రాలు చూడటానికి తక్కువ ఖర్చులో మొదటి మైక్రోస్కోప్ ఎలా ఎంచుకోవాలి?

పుట్టగొడుగుల మీద ఆసక్తితో మైక్రోస్కోప్ కొన్నవాళ్లలో చాలామంది కొద్ది నెలలకే దాన్ని అటకెక్కిస్తారు. ఎందుకని అడిగితే అందరిదీ ఒకటే మాట: అంతా మసగ్గా కనిపిస్తోంది. ఆ తప్పు చాలావరకు కొన్న రోజే జరిగిపోయి ఉంటుంది. పెట్టె మీద 2000ఎక్స్ (అంటే రెండు వేల రెట్లు పెద్దది చేస్తుందని) అన్న అంకె చూసి కొంటారు. స్లైడ్ పెట్టే స్టేజి కింద, వెలుగును స్లైడ్ మీదికి కూర్చే కండెన్సర్ ఉందో లేదో వంగి చూడరు. డబ్బు కట్టేముందు 100ఎక్స్ లెన్స్‌లో ఒక్కసారైనా కన్నుపెట్టరు. సరిగ్గా ఎంచుకుంటే పది వేల లోపు వస్తువుతోనే స్పోర్లు, అంటే సిద్ధబీజాలు, శుభ్రంగా చూడొచ్చు. ఎంచుకోవడం రాకపోతే ముప్పై వేలు పోసినా మసకే మిగులుతుంది.

ముందు ఏం చూస్తారో తేల్చుకోండి

పంట తెగుళ్లు మాత్రమే చూసేవాళ్లకు 40ఎక్స్ లెన్స్ చాలు. వరి అగ్గితెగులు స్పోర్లు మూడు గదులతో, బేరిపండు ఆకారంలో, ఇరవై మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) పొడవుంటాయి. బెండ ఆకు మీది బూడిద తెగులు స్పోర్లు అంతకంటే పెద్దవి. వేరుశనగ గింజ మీది పచ్చబూజు తల, కాడ కూడా 40ఎక్స్‌లో చక్కగా తెలుస్తాయి.

పుట్టగొడుగుల్లో అలా కుదరదు. ఆయిస్టర్ పుట్టగొడుగు స్పోరు పొడవు 8 నుంచి 11 మైక్రాన్లు, వెడల్పు 3, 4 మైక్రాన్లే. పైగా రంగు ఉండదు. జాతి తేల్చేది స్పోరు మీది బుడిపెలు, గోడ మందం, చివరనుండే చిన్న రంధ్రం, గిల్ (గొడుగు అడుగున ఉండే రేకు) అంచున ఉండే ప్రత్యేక కణాలు. వీటిలో చాలావాటికి నూనె చుక్కతో వాడే 100ఎక్స్ లెన్స్ తప్పదు. పుట్టగొడుగులు చూడాలనుకుంటే అది లేని మైక్రోస్కోప్ కొనకండి.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. పుట్టగొడుగు తినొచ్చా లేదా అన్నది మైక్రోస్కోప్ తేల్చదు. స్పోరు కొలత పుస్తకంలోని అంకెతో కలిసిందని కూర వండుకోవద్దు.

పెద్ద అంకెలు నమ్మకండి

లెన్స్ ఎంత సన్నని వివరం విడదీయగలదో చెప్పేది దాని ఎన్‌ఏ (న్యూమరికల్ అపర్చర్) విలువ. 40ఎక్స్ పక్కన 0.65 అని చెక్కి ఉంటుంది. అది సుమారు అర మైక్రాన్ దూరంలో ఉన్న రెండు చుక్కలను విడదీస్తుంది. 100ఎక్స్ పక్కన 1.25 ఉంటుంది. దానిది పావు మైక్రాన్‌కు కాస్త ఎక్కువ. మామూలు వెలుతురుతో ఇంతకంటే పెద్దగా ముందుకు పోలేం. 100ఎక్స్ లెన్స్‌కు 10ఎక్స్ ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్స్) పెడితే వచ్చే 1000ఎక్స్ దగ్గరే పని అయిపోతుంది. 20ఎక్స్ ఐపీస్ తగిలిస్తే అదే మసక రెండింతలవుతుంది. కాబట్టి 2000ఎక్స్, 2500ఎక్స్ అని ప్రచారం చేసే సరుకు వైపు చూడకండి. కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ మైక్రోస్కోప్‌లు కూడా అంతే. వాటి మీద 1000ఎక్స్ అని రాసి ఉన్నా స్పోరు కనిపించదు.

మను ప్రకాష్ బృందం స్టాన్‌ఫర్డ్‌లో తయారుచేసిన కాగితపు ఫోల్డ్‌స్కోప్ మంచి వస్తువే, జేబులో పెట్టుకుని పొలానికి తీసుకెళ్లొచ్చు. కానీ దాని శక్తి 140ఎక్స్, విడదీసేది రెండు మైక్రాన్ల వరకు. పుట్టగొడుగు స్పోరు దాంట్లో చుక్కలా కనిపిస్తుంది, అంతే. స్టీరియో మైక్రోస్కోప్ వేరే పనికి, వస్తువును పైపైన కొద్ది రెట్లు పెద్దగా చూడటానికి. మొదట అది కొనే బదులు కంసాలులు వాడే 10ఎక్స్ భూతద్దం కొనుక్కోండి.

ఉండాల్సిన భాగాలు

4, 10, 40, 100ఎక్స్ ఆబ్జెక్టివ్‌లు, అంటే స్లైడ్ వైపు ఉండే లెన్స్‌లు. వాటి మీద 160/0.17 అని ఉండాలి. 160 అంటే మిల్లీమీటర్లలో గొట్టం పొడవు, 0.17 అంటే స్లైడ్ మీద కప్పే పల్చని గాజు, కవర్ స్లిప్, మందం. ఇవి చాలా కంపెనీలు పాటించే కొలతలు, మరలు కూడా ఒకటే. రేపు ఒక లెన్స్ పాడైతే వేరే కంపెనీది బిగించుకోవచ్చు. 10ఎక్స్ వైడ్‌ఫీల్డ్ ఐపీస్. స్లైడ్‌ను మరతో జరిపే మెకానికల్ స్టేజి. ముతక, సన్న ఫోకస్ రెండూ. వెలుగు పెంచి తగ్గించే ఎల్‌ఈడీ దీపం. అద్దంతో వెలుతురు పట్టే పాత రకం వద్దు, 100ఎక్స్‌కు ఆ వెలుగు చాలదు.

అన్నిటికంటే ముఖ్యం స్టేజి కింది కండెన్సర్. ఎన్‌ఏ 1.25 ఉన్న ఆబ్బే కండెన్సర్, పైకీ కిందికీ జరిగేది, వెలుగు దారిని తెరిచి మూసే ఐరిస్ ఉన్నది కావాలి. దాని బదులు చిల్లులున్న గుండ్రటి పళ్లెం తిరుగుతుంటే అది పిల్లల మైక్రోస్కోప్. అందులో 100ఎక్స్ లెన్స్ ఉన్నా దండగే.

పది వేల లోపైతే ఒంటికన్ను మోనోక్యులర్ తీసుకోండి. ఆ ధరకు బైనాక్యులర్ ఇస్తామంటే ఒప్పుకోకండి. చవక బైనాక్యులర్‌లో రెండు బొమ్మలూ సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడవు, పావుగంటలో తలనొప్పి వస్తుంది. హర్యానాలోని అంబాలాలో తయారయ్యే మోనోక్యులర్‌లలో మంచివి ఉన్నాయి, చెడ్డవీ ఉన్నాయి. ఒకే మోడల్‌లో కూడా ఒకటి బాగుండి, పక్కది బాగుండకపోవచ్చు. అందుకే పరీక్షించకుండా కొనొద్దు.

ఇరవై వేలు దాటి పెట్టగలిగితే, కొత్త అనామకపు బైనాక్యులర్ కంటే డయాగ్నస్టిక్ ల్యాబ్ నుంచి తీసేసిన ఒలింపస్, మాగ్నస్, ల్యాబోమెడ్ లాంటి సెకండ్ హ్యాండ్ మైక్రోస్కోప్ నయం. దాంట్లో రెండు చోట్ల చూడండి. ఒకటి 40ఎక్స్ లెన్స్ మూతి. ల్యాబ్‌లో 100ఎక్స్‌కు వేసిన నూనె, లెన్స్ తిప్పేటప్పుడు 40ఎక్స్‌కు అంటుకుని లోపలికి దిగుతుంది. ఆ లెన్స్ విప్పి, ఐపీస్‌ను తలకిందులుగా పట్టుకుని భూతద్దంలా వాడి మూతిని చూడండి. జిడ్డు పొర, అంచు చుట్టూ గోధుమరంగు కనిపిస్తే ధర తగ్గించమనండి, లేదా వదిలేయండి. రెండోది లెన్స్ లోపలి బూజు. ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి చూస్తే సాలెగూడులా సన్నని పోగులు కనిపిస్తాయి. కోస్తాలో వాడిన వస్తువుల్లో ఇది ఎక్కువ. బూజు లెన్స్ పై పూతను తినేసి ఉంటే తుడిచినా మచ్చ పోదు.

డబ్బు కట్టేముందు 100ఎక్స్ పరీక్ష

కొట్టువాళ్లు సాధారణంగా రంగు వేసిన రెడీమేడ్ స్లైడ్ పెట్టి చూపిస్తారు. ఉల్లిపొర, రక్తపు స్మియర్ లాంటివి. ముదురు రంగున్న స్లైడ్ ఏ లెన్స్‌లోనైనా బాగానే కనిపిస్తుంది. దాన్ని చూసి కొంటే మోసపోయేది మీరే. మీ స్లైడ్ మీరే తీసుకెళ్లండి.

పరీక్షకు గానోడెర్మాను మించింది లేదు. కొబ్బరి మొదట్లో, ముసలి చింత, వేప మొదళ్లలో వార్నిష్ పూసినట్టు మెరుస్తూ గట్టిగా పళ్లెంలా పెరిగేది అదే. దాని పైభాగాన, చుట్టుపక్కల ఆకుల మీద కోకో పొడిలాంటి దుమ్ము పేరుకుంటుంది. ఆ దుమ్మంతా స్పోర్లే. కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లండి. ఈ స్పోరుకు రెండు గోడలు, వాటి మధ్య సన్నని స్తంభాలు ఉంటాయి. ఒక చివర నరికినట్టు మొండిగా ఉంటుంది. 40ఎక్స్‌లో స్పోరు గరుకుగా మాత్రమే కనిపిస్తుంది. మంచి 100ఎక్స్‌లో రెండు గోడలూ, మధ్య గీతల్లా స్తంభాలూ విడివిడిగా తెలుస్తాయి. తెలియకపోతే ఆ లెన్స్ మీకు పనికిరాదు.

స్లైడ్ కొట్లోనే తయారుచేయండి. ఇంటి దగ్గర చేసినది దారిలోనే ఎండిపోతుంది. నీటిచుక్క చిన్నది పెట్టండి, సూదిమొనకు అంటినంత పొడి చాలు. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చండి. టిష్యూ పేపర్ కప్పి వేలితో నొక్కి మిగులు నీరు పీల్చేయండి. నీరు మందంగా ఉంటే స్పోర్లు ఈదుతుంటాయి, 100ఎక్స్‌లో ఒక్క స్పోరూ నిలబడదు. ఈ ఒక్క పొరపాటుతో మంచి లెన్స్‌ను చెడ్డదని తిప్పి పంపేవాళ్లున్నారు.

కండెన్సర్‌ను పూర్తిగా పైకి ఎత్తండి. 10ఎక్స్‌లో ఫోకస్ చేసి, 40ఎక్స్‌కు తిప్పండి. బొమ్మ దాదాపు ఫోకస్‌లోనే ఉండాలి, సన్న ఫోకస్‌ను కొద్దిగా కదిపితే స్పష్టం కావాలి. చూస్తున్న స్పోరు కూడా కళ్లముందు నుంచి తప్పిపోకూడదు. ఐపీస్ తీసేసి గొట్టంలోకి చూస్తూ ఐరిస్‌ను మూయండి. వెలుగు వృత్తం మధ్యలోకే చిన్నదవాలి. బాగా పక్కకు జరిగితే కండెన్సర్ వంకరగా బిగించారని అర్థం, ఇంకో పీస్ అడగండి.

ఇప్పుడు లెన్స్‌ను సగం పక్కకు తిప్పి, కవర్ స్లిప్ మీద ఒక్క చుక్క ఇమ్మర్షన్ ఆయిల్ వేయండి. వక్రీభవన గుణకం 1.515 ఉన్న సింథటిక్ నూనె కావాలి. కొబ్బరినూనె, పారఫిన్ వాడితే బొమ్మ పాడవుతుంది. దేవదారు నూనె బాగానే పనిచేస్తుంది కానీ తుడవడం మరిచిపోతే లెన్స్ మీద గట్టిపడుతుంది. 40ఎక్స్ నూనెను తాకకుండా, రెండో వైపు నుంచి 100ఎక్స్‌ను తెచ్చి నిలపండి. ఆ సమయంలో కన్ను ఐపీస్ దగ్గర ఉండకూడదు. పక్కనుంచి చూస్తూ తిప్పండి. లెన్స్‌కూ గాజుకూ మధ్య ఖాళీ 0.2 మిల్లీమీటర్ల లోపే. ఇక్కడినుంచి ముతక ఫోకస్ ముట్టుకోకండి. దాన్ని తిప్పితే కవర్ స్లిప్ పగులుతుంది, లెన్స్ మూతి గీసుకుపోతుంది, లెన్స్ ధర మీరు కట్టాల్సి వస్తుంది. సన్న ఫోకస్ ఒక్కటే, అదీ నెమ్మదిగా.

బొమ్మ మసగ్గా ఉంటే వెంటనే లెన్స్‌ను తప్పుపట్టకండి. స్లైడ్ తలకిందులుగా పెట్టారేమో చూడండి. కవర్ స్లిప్ కిందికి ఉంటే 100ఎక్స్ ఎప్పటికీ ఫోకస్ కాదు. నూనెలో గాలిబుడగ ఉండొచ్చు. ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే బుడగ నల్లటి అంచుతో కనిపిస్తుంది. తుడిచి మళ్లీ వేయండి. లెన్స్ మూతి మీద పాత నూనె ఎండి ఉండొచ్చు. కవర్ స్లిప్ రెండు అతుక్కుని ఒకటిగా పడి ఉండొచ్చు, ఇది మనం అనుకునేకంటే ఎక్కువసార్లు జరుగుతుంది. ఇవన్నీ సరిచూశాక కూడా మసకే ఉంటే అది లెన్స్ లోపం.

ఐరిస్ విషయంలో జాగ్రత్త. స్పష్టత కోసమని కొత్తవాళ్లు దాన్ని బాగా మూసేస్తారు. అంచులు నల్లగా, స్పష్టంగా ఉన్నట్టు కనిపిస్తాయి, కానీ ఆ నల్లగీతలు స్పోరువి కావు, వెలుగు వంగడం వల్ల పుట్టినవి. ఒకే గోడ ఉన్న స్పోరుకు రెండు గోడలు కనిపించేది ఇలాగే. 40ఎక్స్‌లో గొట్టంలో కనిపించే వెలుగు వృత్తం మూడొంతులు నిండేలా, 100ఎక్స్‌లో దాదాపు పూర్తిగా నిండేలా తెరవండి. వెలుగు ఎక్కువైతే దీపం తగ్గించండి, ఐరిస్ జోలికి పోకండి, కండెన్సర్ దించకండి.

ఫోకస్ దొరికాక ఒక స్పోరును మధ్యకు తెచ్చి, సన్న ఫోకస్‌ను కొంచెం పైకి, కొంచెం కిందికి తిప్పండి. అంచు మసక రెండు వైపులా సమంగా విచ్చుకోవాలి. ఒకే పక్కకు తోకలా సాగితే లోపలి గాజులు పక్కకు జరిగాయి. ఇంకో లెన్స్ బిగించి చూపమనండి. మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో మసకబారితే మాత్రం అది లోపం కాదు. మామూలు ఆక్రోమాట్ లెన్స్‌ల స్వభావమే అది. అంచుల్లో మసక తక్కువుండే సెమీ ప్లాన్ లెన్స్ కావాలంటే డబ్బు ఎక్కువ పెట్టాలి, స్పోర్లు కొలవడానికి అవసరం లేదు.

చివరగా 40ఎక్స్‌లో ఫోకస్ పెట్టి ఐదు నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయండి. స్టేజి తనంతట తాను కిందికి జారి బొమ్మ పోతే మర వదులుగా ఉంది. బిగించే రింగు ఉంటే బిగించమనండి. లేకపోతే తీసుకోకండి.

కొలత పరికరం మరవకండి

కొలత లేకుండా స్పోరు చూసి లాభం లేదు. ఐపీస్ లోపల పెట్టే, 100 గీతలున్న ఐపీస్ మైక్రోమీటర్‌ను మైక్రోస్కోప్‌తో పాటే కొనండి. దాని గీత విలువ ఒక్కో లెన్స్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి స్టేజి మైక్రోమీటర్‌తో (తెలిసిన కొలత గీతలున్న స్లైడ్) సరిచూసుకోవాలి. దాంట్లో ఒక మిల్లీమీటర్ 100 భాగాలు, ఒక్కోటి 10 మైక్రాన్లు. 40ఎక్స్‌లో ఐపీస్ 40 గీతలు స్టేజి 10 గీతలతో కలిస్తే, 100 మైక్రాన్లను 40తో భాగించి గీతకు 2.5 మైక్రాన్లు. 100ఎక్స్‌లో సుమారు ఒక మైక్రాన్ వస్తుంది. ఈ పని ఒక్కసారే, కాబట్టి స్టేజి మైక్రోమీటర్‌ను దగ్గరి కాలేజీ బోటనీ విభాగంలో అడిగి తెచ్చుకోండి. కనీసం ఇరవై స్పోర్లు కొలవండి, గిల్ ముక్కలోవి కాకుండా కాగితం మీద రాలిన ముద్రలోవి. ముద్రలో రాలినవే పండిన స్పోర్లు.

మిగతావి చిల్లర ఖర్చులు: స్లైడ్‌లు, కవర్ స్లిప్‌లు, నూనె, కొత్త బ్లేడ్లు, లెన్స్ పేపర్, శిలీంధ్రాలకు రంగు వేసే లాక్టోఫినాల్ కాటన్ బ్లూ. పొటాషియం హైడ్రాక్సైడ్ వాడితే లెన్స్‌కు తగలనివ్వకండి, గాజును తింటుంది.

పని అయిన ప్రతిసారీ 100ఎక్స్ మూతి మీది నూనెను లెన్స్ పేపర్‌తో అద్ది తీయండి. రుద్దకండి, చేతిరుమాలు వాడకండి. మైక్రోస్కోప్‌తో వచ్చిన చెక్కపెట్టెలో వానాకాలం దాచొద్దు. చెక్క తేమ పీల్చి ఉంచుతుంది, లెన్స్ లోపల బూజు మొదలయ్యేది అందులోనే. ప్లాస్టిక్ కవర్ కప్పి, లోపల పావుకిలో సిలికా జెల్ గుడ్డ సంచిలో పెట్టండి. గింజల రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్లీ పెట్టండి. జూన్ నుంచి అక్టోబర్ దాకా వారానికోసారైనా బయటకు తీసి, టార్చ్ వేసి లెన్స్‌లన్నీ చూడండి.