గర్భిణిగా ఉన్నప్పుడు పొట్ట మీది దురద నాకెలా తగ్గింది

ఏడో నెల వచ్చేసరికి పొట్ట చర్మం సాగి, రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని దురద మొదలైంది. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఉందా అని డాక్టరు గారు ముందుగా అడిగారు. దద్దుర్లు లేకుండా అక్కడ దురద పుడితే కాలేయంలో పిత్తరసం ప్రవాహం మందగించి ఉండవచ్చు కాబట్టి రక్తపరీక్ష చేయించవలసిందేనన్నారు. నాది కేవలం పొడి చర్మమని తేలింది.

స్నానానికి వేడినీళ్లు మాని గోరువెచ్చని నీళ్లు, సబ్బుకు బదులు మెత్తగా జల్లించిన పెసర సున్నిపిండి వాడాను. అమ్మ అలవాటుగా అందులో కలిపే బావంచాలు, కచ్చూరాలు అనే మూలికా దినుసులు మాత్రం వద్దన్నాను. ఒంటి మీద చెమ్మ ఆరకముందే కొబ్బరినూనె అద్దడమే అసలు కిటుకు, ఎందుకంటే నూనె తేమను ఇవ్వదు, ఉన్న తేమను పోనివ్వదు. దురద కొద్ది రోజుల్లోనే సర్దుకుంది. పొట్ట చర్మం సాగి పడ్డ చారలు మాత్రం నూనెకు లొంగలేదు. కాన్పు తర్వాత అవే క్రమంగా వెలిసిపోయాయి.

బిడ్డ పుట్టాక చనుమొనలు పగిలినప్పుడు చనుబాలే నాలుగు చుక్కలు రాసి ఆరనిచ్చాను గానీ, మొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోటికి అందేలా పట్టించడం నర్సమ్మ నేర్పాకే నొప్పి పోయింది.