సెమ్ పరీక్షలు, కమాండ్ లైన్ టూల్: ఎక్కడ ఆగుతుంది, ఎలా కదపాలి

గిట్‌హబ్‌లో (గిట్ అనే టూల్ దాచే కోడ్ మార్పుల చరిత్రను ఉంచే సైట్) సొంత కమాండ్ లైన్ టూల్ (టెర్మినల్లో కమాండ్ కొట్టి వాడే ప్రోగ్రాం) ఒకటి నడుపుతూ, పక్కన బీటెక్కో ఎంసీఏనో చదువుతున్నవాళ్ల కోసం ఇది. విశాఖలో కాలేజీ ఏదైనా లెక్క దాదాపు ఒకటే: సెమిస్టర్‌కి రెండు మిడ్లు, రికార్డులు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్, ఆ వెనకే సెమ్ పరీక్షలు. ఈ నెలల్లో టూల్ మూలపడటానికి చాలాసార్లు కోడ్ కారణం కాదు. ఏ పని ఎక్కడ ఆగిందన్నది రెపోలో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే ఫోల్డర్) కాకుండా బుర్రలో ఉండిపోతుంది. ఆ బుర్రలోకి ఆపరేటింగ్ సిస్టమ్స్ ఐదు యూనిట్లు ఎక్కించగానే అది కాస్తా ఎగిరిపోతుంది. ఉదాహరణలు పైథాన్‌వి. గో, రస్ట్ వాళ్లు కమాండ్లు మార్చుకుంటే సరిపోతుంది.

లక్షణం: మిడ్స్ అయ్యాక రెపో తెరిస్తే ఏం చేస్తున్నామో గుర్తు రాదు

గిట్ స్టేటస్ కొడితే పది ఫైళ్లు మారినట్టు చూపిస్తుంది. వాటిలో ఏది కావాలని మార్చింది, ఏది డీబగ్ కోసం పెట్టిన ప్రింటు, ఏది పొరపాటు అన్నది తెలియదు. చాలామంది ఇక్కడే విసుగొచ్చి అన్నీ చెరిపేసి మళ్లీ మొదలుపెడతారు.

కారణం రెండు రకాలు. ఒకటి, పని మధ్యలో ఉండగా ల్యాప్‌టాప్ మూసేయడం. రెండోది మరీ ప్రమాదం: "స్టాష్ చేశాలే" అన్న ధీమా. స్టాష్ అంటే సగం మార్పులను తాత్కాలికంగా పక్కన పెట్టడం. గిట్ స్టాష్ మామూలుగా కొడితే, గిట్‌కి ఇంకా చేర్చని కొత్త ఫైళ్లను తీసుకోదు. మీరు కొత్తగా రాసిన టెస్టు ఫైలు బయటే ఉండిపోతుంది. తర్వాత అలా చేర్చని ఫైళ్లను చెరిపేసే గిట్ క్లీన్ కొట్టారంటే అది పోయినట్టే. దాన్ని కూడా లోపల పెట్టాలంటే హైఫన్ యు జోడించాలి. అలా పెట్టినా స్టాష్ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది, పుష్ చేస్తే గిట్‌హబ్‌కి వెళ్లదు. రెండు గంటల విరామానికి స్టాష్ పనికొస్తుంది, రెండు వారాలకు పనికిరాదు.

పరిష్కారం: మిడ్‌కి వారం ముందు ఒక సాయంత్రం నలభై నిమిషాలు దీనికే కేటాయించండి.

1. గిట్ స్విచ్ హైఫన్ సి తో కొత్త బ్రాంచ్ (మెయిన్ అనే అసలు కోడ్‌ని కదపకుండా పక్కన నడిచే దారి) తెరవండి. పేరు "సగం-మిడ్1" లాంటిది చాలు.
2. గిట్ యాడ్ హైఫన్ పి తో మార్పులను ముక్కముక్కగా చూడండి. డీబగ్ ప్రింట్లను ఇక్కడే వదిలించుకోండి.
3. తర్వాత చేయాల్సిన పనికి ఒక టెస్టు రాయండి. అది ఫెయిల్ కావాలి. ఉదాహరణకి కొత్త సబ్‌కమాండ్‌కి (టూల్ లోపలి ఒక్కో పనికి ఉండే కమాండ్) ఖాళీ ఫైలు ఇస్తే అది ఎగ్జిట్ కోడ్ (ప్రోగ్రాం ముగుస్తూ ఇచ్చే అంకె) 2 ఇవ్వాలనుకుంటే, ఆ షరతునే టెస్టుగా పెట్టి వదిలేయండి.
4. కమిట్ చేసి (మార్పులను గిట్‌లో నమోదు చేసి) పుష్ చేయండి (గిట్‌హబ్‌కి పంపండి). ఈ బ్రాంచ్ ఎర్రగా (టెస్టులు ఫెయిలై) ఉన్నా పర్వాలేదు. మెయిన్ మాత్రం ఎప్పుడూ పచ్చగానే (అన్ని టెస్టులూ పాసై) ఉండాలి.
5. సంబంధించిన ఇష్యూలో (గిట్‌హబ్‌లో పని లేదా ఫిర్యాదు రాసే పేజీ) మూడు వాక్యాలు: ఏది పనిచేస్తోంది, ఏ కమాండ్ కొడితే ఏ ఎర్రర్ వస్తోంది, తర్వాత ముట్టుకోవాల్సిన ఫంక్షన్ ఏది. ఎర్రర్‌ని సొంత మాటల్లో చెప్పకండి, టెర్మినల్లో వచ్చింది వచ్చినట్టు అతికించండి.

మూడో అడుగే అసలైనది. నోట్సు రాసుకుంటే చదివి అర్థం చేసుకోవాలి. ఫెయిలయ్యే టెస్టు రన్ చేస్తే ఏ లైను దగ్గర ఆగారో అదే చూపిస్తుంది. పరీక్షలయ్యాక మొదటి రోజు పని కూడా ఇదే: బ్రాంచ్ తీసి, ఆ టెస్టు రన్ చేసి, దాన్ని పచ్చగా చేయడం.

లక్షణం: రిలీజ్ ప్రతిసారీ సరిగ్గా పరీక్షల ముందు వారానికే వచ్చి పడుతుంది

కారణం: దసరా సెలవుల్లో రోజుకి ఎన్ని గంటలు కూర్చున్నామో ఆ లెక్కనే సెమిస్టర్ మొత్తానికీ వేసుకోవడం. రికార్డులు, వైవా ఎవరి లెక్కలోనూ ఉండవు. ఒకసారి కాగితం మీద వేసి చూడండి.

క్లాసులు 16 వారాలు అనుకుందాం. ఒక్కో మిడ్‌కి ఆ వారం, దాని ముందు వారం కలిపి రెండు మిడ్లకి 4 వారాలు పోతాయి. చివర్లో రికార్డులు, ల్యాబ్ ఎక్స్‌టర్నల్, ప్రిపరేషన్ కలిపి 3 వారాలు. మిగిలేవి 9. వారానికి 5 గంటల చొప్పున 45 గంటలు. అందులో మూడో వంతు ఇష్యూలకు జవాబులు, పుల్ రిక్వెస్టులు (ఇతరులు పంపిన మార్పులు) చూడటం, సీఐ (ప్రతి మార్పుకీ టెస్టులు తానే నడిపే ఏర్పాటు) బాగుచేయడం తినేస్తాయి. చేతికొచ్చేవి 30 గంటలు.

ఒక సబ్‌కమాండ్‌కి కోడ్ 4 గంటలు, టెస్టులు 3, హెల్ప్ టెక్స్ట్, రీడ్‌మీ కలిపి 1, వేరే ఓఎస్‌లో విరిగినవి సరిచేయడానికి 2. మొత్తం 10. అంటే సెమిస్టర్‌కి మూడు సబ్‌కమాండ్లు, అంతే. రోడ్‌మ్యాప్‌లో ఎనిమిది రాసుకుంటే ఐదు వచ్చే సెమ్‌కి వెళ్తాయి. అవేవో ఇప్పుడే ఎంచుకోవడం నయం.

పరిష్కారం: తేదీలతో కాదు, మొదటి పేపర్ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. మొదటి పేపర్ రోజు సున్నా. 21 రోజుల ముందు కొత్త ఫీచర్లు బంద్. ఆ తర్వాత వారం బగ్ ఫిక్సులు మాత్రమే. 14 రోజుల ముందు రిలీజ్. రిలీజ్ చేసిన మొదటి మూడు నాలుగు రోజుల్లోనే "నా దగ్గర ఇన్‌స్టాల్ కావట్లేదు" అనే ఫిర్యాదులు వస్తాయి కాబట్టి, వాటికి ప్యాచ్ వేసే వ్యవధి ముందే మిగుల్చుకోవాలి. ఆ గడువుకి రిలీజ్ కాకపోతే ఇక పరీక్షల తర్వాతే.

ప్యాచ్ వేయాల్సి వస్తే మెయిన్ మీంచి వేయకండి, అందులో సగం పని కలిసి ఉండొచ్చు. చివరి రిలీజ్ ట్యాగ్ నుంచి బ్రాంచ్ తీసి, ఆ ఒక్క ఫిక్స్ పెట్టి, వెర్షన్‌లో చివరి అంకె మాత్రమే పెంచండి: 0.4.0 నుంచి 0.4.1.

పేపర్‌కీ పేపర్‌కీ మధ్య రెండు రోజుల గ్యాప్ వస్తే అది తర్వాతి పేపర్‌దే. పరీక్ష వాయిదా పడితే కొత్తగా దొరికిన రోజులు కూడా టూల్‌వి కావు. సున్నా రోజు ఆలస్యమైనా ఫీచర్ల తలుపు మళ్లీ తెరవకండి, ఎందుకంటే సవరించిన టైమ్ టేబుల్లో రెండు పేపర్లు పక్కపక్కనే పడటం మామూలే.

లక్షణం: నెల రోజులు కోడ్ ముట్టుకోలేదు, అయినా సీఐ ఎర్రగా ఉంది

ముందు ఒక్క పరీక్ష చేయండి. చివరిసారి పచ్చగా ఉన్న కమిట్‌ని మళ్లీ రన్ చేయండి. అదీ ఫెయిలైతే తప్పు మీ కోడ్‌ది కాదు, చుట్టూ ఉన్నది మారింది. అది పాసైతే తప్పు తర్వాతి కమిట్లలో ఉంది. ఈ తేడా తేల్చకుండా కోడ్‌లో వేలు పెడితే సాయంత్రం మొత్తం వృథా.

చుట్టూ ఉన్నది మారితే అనుమానించాల్సినవి ఇవి. డిపెండెన్సీకి (మీ టూల్ వాడుకునే వేరేవాళ్ల లైబ్రరీ) వెర్షన్ కట్టకపోతే కొత్త వెర్షన్ దిగి పాత ఫంక్షన్ పోయి ఉంటుంది. పైప్రాజెక్ట్ ఫైల్లో వెర్షన్ పరిధి వదులుగానే ఉంచి, సీఐకి మాత్రం లాక్ ఫైలు (కచ్చితమైన వెర్షన్ల జాబితా) ఇవ్వండి. వర్క్‌ఫ్లోలో (సీఐ ఏం చేయాలో రాసిన ఫైలు) రన్నర్ (దాన్ని నడిపే మెషీన్) పేరు "ఉబుంటు-లేటెస్ట్" అని ఉంటే దాని వెనక ఉన్న ఉబుంటు మీతో చెప్పకుండానే మారుతుంది, 22.04 నుంచి 24.04 కి అలాగే మారింది. పరీక్షల కాలానికి "ఉబుంటు-24.04" అని కచ్చితంగా రాయండి. పైథాన్ 3.12 లో డిస్ట్‌యుటిల్స్ (ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్) తీసేశారు, పాత సెటప్ ఫైళ్లు అక్కడే విరుగుతాయి.

ఎర్రగా కూడా లేదు, రాత్రిపూట నడవాల్సిన టెస్టు అసలు నడవడమే మానేసిందంటే: పబ్లిక్ రెపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూల్ వర్క్‌ఫ్లోలను ఆపేస్తుంది. యాక్షన్స్ ట్యాబ్‌లో మళ్లీ ఎనేబుల్ నొక్కడమే మందు.

తప్పు మీ కమిట్లలోనే ఉంటే గిట్ బైసెక్ట్. మంచి కమిట్‌కీ చెడ్డ కమిట్‌కీ మధ్య ఉన్నవాటిని సగం సగం చేస్తూ వెతుకుతుంది. అరవై కమిట్లున్నా ఆరు సార్లు టెస్టు చేస్తే దొరుకుతుంది. బైసెక్ట్ రన్‌కి స్క్రిప్టు ఇస్తే మీరు కూర్చోనక్కర్లేదు: స్క్రిప్టు 0 ఇస్తే మంచి కమిట్, 1 ఇస్తే చెడ్డది, 125 ఇస్తే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్తుంది. బిల్డే కాని కమిట్లకు ఆ 125 వాడండి, లేకపోతే తప్పు కమిట్‌ని దోషిగా తేల్చి చూపిస్తుంది.

లక్షణం: మీ ల్యాప్‌టాప్‌లో నడిచేది కాలేజీ ల్యాబ్‌లో నడవదు

"కమాండ్ నాట్ ఫౌండ్" వచ్చి ఎగ్జిట్ కోడ్ 127 అయితే చాలాసార్లు ఇన్‌స్టాల్ అయింది కానీ దారి తెలియడం లేదు. లినక్స్‌లో హోమ్ లోపల డాట్ లోకల్, దాని లోపల బిన్ ఫోల్డర్ పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్ల జాబితా) లేదు. పైథాన్ టూళ్లను విడివిడిగా ఇన్‌స్టాల్ చేసే పిప్‌ఎక్స్‌తో, పిప్‌ఎక్స్ ఎన్ష్యూర్‌పాత్ అని కొట్టి టెర్మినల్ మూసి తెరవండి. 126 వస్తే ఫైలుంది, రన్ చేసే అనుమతి లేదు. ఉబుంటు 24.04 లో మామూలు పిప్ ఇన్‌స్టాల్‌కి "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని అడ్డుపడితే బలవంతపు ఫ్లాగ్ వేయకుండా పిప్‌ఎక్స్ వాడండి లేదా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ తెరవండి. మీ రీడ్‌మీలో కూడా ఇన్‌స్టాల్ పద్ధతిగా పిప్‌ఎక్స్‌నే ముందు పెట్టడం మంచిది.

విండోస్ ల్యాబ్‌లో ఎడిట్ చేసిన స్క్రిప్టు లినక్స్‌లో "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అంటే లైను చివరలు మారాయి. గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్లో లైను చివర ఎల్‌ఎఫ్‌గా (లినక్స్ పద్ధతిలో) ఉండాలని ఒక్క వరుస రాసి కమిట్ చేస్తే ఆ బాధ పోతుంది. తెలుగు పేర్లున్న ఫైలు చదివేటప్పుడు యూనికోడ్ ఎర్రర్ వస్తే, ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయండి. పనిలో పనిగా ఇంకోటి: పైథాన్ లెక్కలో "తెలుగు" పొడవు 3 కాదు, 6 (గుణింతపు గుర్తులూ విడిగా లెక్కే). పట్టికలో గళ్లు వంకరపోతే కారణం అదే.

ల్యాబ్ సిస్టమ్ నుంచి పుష్ చేశాక మరవకూడనివి రెండు: విండోస్ క్రెడెన్షియల్ మేనేజర్‌లో మీ గిట్‌హబ్ ఎంట్రీ తీసేయడం, కమిట్ చేసే ముందు గిట్ కాన్ఫిగ్‌లో యూజర్ పేరు చూసుకోవడం. లేకపోతే మీ కమిట్లన్నీ ముందు బ్యాచ్ విద్యార్థి పేరు మీద పడతాయి.

లక్షణం: పరీక్షల మధ్యలో ఇష్యూలు గుట్టపడి, చదువు మీద మనసు నిలవదు

కారణం: మీరు ఎప్పుడు తిరిగొస్తారో అవతలివాళ్లకు తెలియదు, అందుకే మూడో రోజుకి మళ్లీ అడుగుతారు. పిన్ చేసిన ఇష్యూలో "ఫలానా తేదీ వరకు జవాబులు ఆదివారం మాత్రమే" అని రాయండి. ఇష్యూ టెంప్లేట్‌లో నాలుగు గళ్లు పెట్టండి: టూల్ వెర్షన్, ఓఎస్, కొట్టిన కమాండ్ పూర్తిగా, ఎగ్జిట్ కోడ్. ఇవి ముందే వస్తే రెండు రౌండ్ల ప్రశ్నలు తప్పుతాయి. గాజువాక నుంచి మద్దిలపాలెం బస్సులో కూర్చుని ఫోన్లోనే లేబుళ్లు పెట్టేయొచ్చు. కోడ్ మాత్రం ఫోన్లో మెర్జ్ చేయకండి.

ఒక్కదానికే మినహాయింపు: టూల్ వాడేవాళ్ల ఫైళ్లను చెరిపేస్తుంటే. అప్పుడు కూడా ఫిక్స్ రాయక్కర్లేదు. పైథాన్ ప్యాకేజీలు ఉండే పైపీఐ సైట్‌లో లాగిన్ అయి ఆ వెర్షన్‌ని యాంక్ చేయండి (చెరపకుండానే వెనక్కి తీసుకోండి). కొత్తగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకు దాని ముందు వెర్షన్ వెళ్తుంది, సరిగ్గా అదే వెర్షన్ నంబరు రాసుకున్నవాళ్లకు మాత్రం ఇంకా దిగుతుంది. లాగిన్‌కి టూ ఫ్యాక్టర్ తప్పనిసరి కాబట్టి రికవరీ కోడ్లు పరీక్షలకు ముందే ఒక చోట రాసి పెట్టుకోండి.

లక్షణం: కరెంటు, నెట్ లేక పని ఆగింది

అక్టోబర్, నవంబర్ నెలలంటే ఇక్కడ తుపాన్లు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నగరంలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. హెచ్చరిక రాగానే చేయాల్సింది తక్కువే: అన్ని బ్రాంచ్‌లూ పుష్ చేయడం, గిట్ బండిల్‌తో రెపో మొత్తాన్ని ఒక ఫైలుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టడం, పిప్ డౌన్‌లోడ్‌తో డిపెండెన్సీలు ఒక ఫోల్డర్లోకి దించుకోవడం. తర్వాత నో-ఇండెక్స్, ఫైండ్-లింక్స్ ఫ్లాగులతో నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ అవుతుంది. ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ బ్యాటరీ మాత్రం సిలబస్ పీడీఎఫ్‌లకు దాచుకోండి.

లక్షణం: సమ్మర్ ప్రోగ్రాంలో ఎంపికయ్యారు, సెమ్ పరీక్షలు ఇంకా అవ్వలేదు

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (మెంటార్ సాయంతో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకి కోడ్ రాసే కార్యక్రమం) దరఖాస్తులు సాధారణంగా మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. కోడింగ్ మే చివర్లో లేదా జూన్ మొదట్లో మొదలు. మన రెండో సెమిస్టర్ తోక అక్కడే ఉంటుంది. ప్రాజెక్టులు 90, 175, 350 గంటల్లో దొరుకుతాయి. 175 గంటలదాన్ని 12 వారాలకు పరిస్తే వారానికి పదిహేను గంటల లోపే. పరీక్షలకు రెండు వారాలు తీసేస్తే 17.5 అవుతుంది, చేయగలరు. 350 ది అలాగే లెక్కేస్తే వారానికి 35. పేపర్లు రాస్తూ అది కుదరదు, పొడిగించిన కాలవ్యవధి అడగాలి.

పరీక్ష తేదీలు ప్రపోజల్‌లోనే రాయండి. టైమ్ టేబుల్ ఇంకా రాకపోతే నిరుటి తేదీలకు అటూ ఇటూ వారం కలిపి రాసి, నోటిఫికేషన్ వచ్చిన రోజే మెంటార్‌కి సవరించి పంపండి. సప్లీ ఉంటే దాని తేదీ కూడా అందులోనే చేర్చండి.