వంజరంలో తెల్లటి తిత్తులు కనిపిస్తే

వంజరం లాంటి సముద్రపు చేప కోస్తుంటే పొట్ట గోడకో, కండలోనో బియ్యపు గింజంత తెల్లటి తిత్తులు కనిపించాయా? చేప మొత్తం పారేయకండి. చాలావరకు అవి ట్రిపనోరింకా వర్గం బద్దెపురుగు పిల్లలు. కత్తి మొనతో తిత్తి చీలిస్తే లోపలి పురుగు మెల్లగా మెలికలు తిరుగుతుంది కూడా. రోతగానే ఉంటుంది, కాదనను. కానీ ఈ రకం పెద్దయ్యేది సొర చేపలు, టేకు చేపల పేగుల్లోనే, మన పేగుల్లో కాపురం పెట్టదు. ఆ మేర కోసి తీసేసి, మిగతాది ముక్క బాగా ఉడికేలా పులుసు పెట్టుకోండి. కండ నిండా అవే ఉంటే మాత్రం నేనైతే తినను.

పచ్చిగా తింటే లెక్క వేరు. పసిఫిక్ సాల్మన్ చేపలో ఉండే ఇంకో రకం బద్దెపురుగు మనిషి పేగులో మీటర్ల పొడవు పెరుగుతుంది. విదేశాల్లో ఉంటూ ఇంట్లోనే పచ్చి చేపతో సుషీ చేసుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. నిమ్మరసం, ఉప్పు, కారం ఎంత పట్టించినా దాన్ని చంపుతాయని నమ్మకండి. లోపలిదాకా 63 డిగ్రీల సెల్సియస్ వేడి తగలాలి, లేదంటే మైనస్ 20లో 7 రోజులు గడ్డకట్టించాలి. ఇంటి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ చాలాసార్లు అంత చల్లబడదు, థర్మామీటర్ పెట్టి చూడండి.