తుఫాను గాలి తర్వాత కొబ్బరి తోట: ఏ చెట్టు ఉంచాలి, ఏది తీయాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. నాటు కొబ్బరి కాపుకు రావాలంటే ఆరేడేళ్లు. అందుకే అలాంటి గాలి తర్వాత, బతికే చెట్టు ఒక్కటి కూడా తొందరపాటుతో గొడ్డలికి పోకూడదు.

ముందు కరెంటు తీగలు. మట్టల కింద తెగిన తీగ కనబడదు, లైన్‌మన్‌ సరఫరా ఆపాననేదాకా తోటలో దిగకండి. నష్టం లెక్కకు పనికొచ్చేలా, నరకడానికి ముందే వరుసలవారీగా ఫొటోలు తీసి, పడినవి ఎన్నో, విరిగినవి ఎన్నో రాసిపెట్టుకోండి.

తర్వాత ప్రతి చెట్టుకూ మొవ్వు చూడాలి. కొబ్బరికి పెరిగే మొన అదొక్కటే. అది విరిగితే చెట్టు పోయినట్టే. మట్టలన్నీ చిరిగినా మొవ్వు గట్టిగా నిలబడి ఉంటే ఉంచండి. మొవ్వాకు పాలిపోయి, లాగితే ఊడి వచ్చి, దుర్వాసన కొడుతుంటే కుళ్లు మొదలైందన్నమాట. తెల్లటి కండ కనబడేదాకా కుళ్లు చెక్కేసి, బోర్డో పేస్టు పూసి, కొత్త ఆకు వచ్చేదాకా వాననీరు దిగకుండా పాలిథీన్‌ కప్పండి.

పేస్టుకు 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్‌ సల్ఫేట్‌) అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో కరిగించి కలపాలి. ప్లాస్టిక్‌ లేదా మట్టి పాత్రలే వాడండి, ఇనుము పనికిరాదు. శుభ్రమైన చాకు ఒక నిమిషం ముంచి తీయండి. దాని మీద ఎర్రటి రాగి పూత పడితే సున్నం చాలలేదు, ఇంకాస్త కలపాలి. లేకపోతే ఆ మందే లేత కండను మాడ్చేస్తుంది. కలిపిన రోజే వాడేయండి.

ఐదేళ్లలోపు మొక్కలు వాలితే నేల తడి ఆరకముందే లేపాలి. వాలిన వైపుకు ఎదురుగా మట్టి తవ్వి వదులు చేసి, కాండానికి గోనె చుట్టి తాడు కట్టి, నెమ్మదిగా లాగండి. తాడు మొవ్వుకు ఎప్పుడూ కట్టకూడదు. వాలిన వైపు ఊతకర్ర పెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి తొక్కండి. పెద్ద చెట్టును మాత్రం లాగొద్దు, మిగిలిన వేళ్లూ తెగుతాయి. గెలలు దించి, బయటపడ్డ వేళ్లను మట్టితో కప్పితే చాలు, మొన తనంతట తానే పైకి తిరుగుతుంది. విరిగినా పచ్చగా ఉన్న మట్టను ఉంచండి, చెట్టుకు తిండి దాని నుంచే. ఎండినదాన్ని కొట్టేటప్పుడు దాదాపు మీటరు తొడిమ వదలాలి. కాండానికి ఆనుకుని కోస్తే ఆ గాయం వాసనకు కాండం తొలిచే ఎర్రముక్కు పురుగు చేరుతుంది.

జీడికి విరిగిన కొమ్మను నీరు నిలవకుండా ఏటవాలుగా కోసి ఇదే పేస్టు పూయండి.

అసలు ప్రమాదం తోట సర్దుకుందనుకున్నాక వస్తుంది. పడిన మానుల్లో, కుళ్లే మొదళ్లలో, మొవ్వును తొలిచే కొమ్ముపురుగు గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు పెరిగి ఎగరడానికి నెలలు పడుతుంది కాబట్టి, దెబ్బ ఆరు నెలల తర్వాత నిలబడ్డ చెట్లకు తగులుతుంది. మానులు కోతమిల్లుకు పంపండి, మిగిలినవి చీల్చి ఎండబెట్టి కాల్చండి, కుప్పగా వదలొద్దు. కత్తెరతో కత్తిరించినట్టు ఆకులు వస్తుంటే పురుగు చేరిందని గుర్తు. ఇనుప కొక్కెంతో దాన్ని లాగేసి, చిన్న మొక్కలకు మొవ్వు చుట్టూ పై మూడు మట్టల సందుల్లో ఒక్కో కలరా ఉండ పెట్టి ఇసుక కప్పండి. 45 రోజులకోసారి మళ్లీ పెట్టాలి.