విదేశీ కంపెనీ ఇంటర్వ్యూ: అవతలి మనిషి ఏం రాసుకుంటాడు?

కొన్నేళ్లుగా కోడింగ్ ఇంటర్వ్యూలు చేయడం కూడా నా ఉద్యోగంలో భాగమైపోయింది. కాల్ ముగిశాక నేను చేసే పని గురించి అభ్యర్థుల్లో చాలామందికి తెలియదు. కూర్చుని ఒక రిపోర్టు రాస్తాను. మిమ్మల్ని తీసుకోవాలా వద్దా అన్నది నేనొక్కణ్నే తేల్చను. గూగుల్‌లో దీనికి హైరింగ్ కమిటీ ఉంటుంది. అమెజాన్‌లో బార్ రైజర్ అని వేరే టీమ్ మనిషి ఒకరు ప్యానెల్‌లో కూర్చుంటారు. అంటే, మీ మొహమైనా చూడని వాళ్లు నా రాతలు చదివి మాట్లాడుకునే సందర్భాలు ఉంటాయి. మీ బుర్రలో ఎంత మంచి ఆలోచన మెదిలినా, నా చెవిన పడకపోతే రిపోర్టులోకి ఎక్కదు. కాబట్టి నాకు రాసుకోవడానికి ఏదో ఒకటి ఇస్తూ ఉండండి.

ఒక ప్రశ్న తీసుకుందాం. మీటింగుల జాబితా ఇచ్చారు, ఒక్కోదానికీ మొదలయ్యే సమయం, ముగిసే సమయం ఉన్నాయి. కనీసం ఎన్ని గదులు కావాలి? చాలామంది ప్రశ్న వినగానే టైపు చేయడం మొదలుపెట్టి పది నిమిషాలు మౌనంగా ఉండిపోతారు. ఆ పది నిమిషాలూ నా కాగితం ఖాళీ. ముందు అడగండి: పదింటికి ఒక మీటింగ్ ముగిసి, పదింటికే ఇంకోటి మొదలైతే అదే గది సరిపోతుందా? జాబితా వరసలోనే ఉందా? మొత్తం ఎన్ని ఉండొచ్చు? లక్ష అన్నారనుకోండి. ప్రతిదాన్నీ మిగతా అన్నిటితో పోల్చుకుంటూ పోతే లెక్క వందల కోట్లలోకి వెళ్తుంది. "ఇలా చేసినా జవాబు వస్తుంది, కానీ నెమ్మది. ఇంతకన్నా మంచి దారి చూస్తాను" అని పైకే అనేయండి. ఆ ఒక్క మాటతో నాకు రెండు వాక్యాలు దొరికాయి.

తర్వాత మొదలయ్యే సమయం ప్రకారం సార్ట్ చేసి, ముగిసే సమయాలను మిన్ హీప్‌లో (అన్నిటికన్నా చిన్న విలువను ఎప్పుడూ పైన ఉంచే అమరికలో) పెడతారు. కొత్త మీటింగ్ వచ్చినప్పుడు హీప్ పైనున్నది అప్పటికే ముగిసిపోతే దాన్ని తీసేసి ఆ గదే ఇస్తారు, లేకపోతే కొత్త గది. చివరికి హీప్‌లో ఎన్ని ఉంటే అన్ని గదులు. ఎన్ మీటింగులకు ఖర్చు ఎన్ లాగ్ ఎన్, అంటే ప్రతిదాన్నీ పోల్చడం కన్నా చాలా తక్కువ. "అయిపోయింది" అనేముందు మీరే పరీక్షించండి: ఖాళీ జాబితా, ఒకే మీటింగ్, అన్నీ ఒకే సమయానికి మొదలైనవి. కొన్ని కంపెనీలిచ్చే ఎడిటర్‌లో కోడ్ రన్ కాదు, ఆటోకంప్లీట్ కూడా ఉండదు. అందుకే సాధన కూడా ఉత్త నోట్‌ప్యాడ్‌లో, నోటితో వివరిస్తూ, ఇంగ్లిష్‌లోనే చేయండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది. తలుపేసుకోండి.

"ఇది కచ్చితమేనా?" అని నేనడిగితే చాలావరకు అది దారి చూపించడమే, దబాయింపు కాదు. నా మాట అర్థం కాకపోతే "యెస్, యెస్" అనేయకండి. మీకు అర్థమైనంత మీ మాటల్లో తిరిగి చెప్పి, సరేనా అని అడగండి. ఇంకోటి, సర్ అనక్కర్లేదు. పేరు పెట్టి పిలిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఏఐ సాధనాలు వాడొచ్చో లేదో రిక్రూటర్‌ని ముందే అడగండి. వద్దంటే వద్దు. స్క్రీన్ మీద ఇంకేదో చదువుతున్న కళ్లు ఇట్టే తెలిసిపోతాయి.

ఒక పెద్ద సర్వీస్‌ను ఎలా కట్టాలో అడిగే సిస్టమ్ డిజైన్ రౌండ్‌లో పెట్టెలూ బాణాలూ గీసే ముందు లెక్క వేయండి. పొడుగు లింకులను పొట్టిగా చేసే సర్వీస్, నెలకు పది కోట్ల కొత్త లింకులు. నెలకు సుమారు 26 లక్షల సెకన్లు, అంటే సెకనుకు 40 లోపే. ఈ కొత్త లింకులు రాసుకోవడానికి డేటాబేస్‌ను ముక్కలు చేసి చాలా మెషీన్లకు పంచాల్సిన పనేమీ లేదు, బరువంతా లింకులు తెరిచేవాళ్ల కోసం చదివేవైపే. అది చెప్పగలిగితే సగం ఇంటర్వ్యూ అయినట్టే. అయితే లక్షలు, కోట్లు వాళ్లకు తెలియవు, 100 మిలియన్లు అనాలి. తొందరలో సున్నాలు తప్పుతాయి, ఈ మార్పిడి ముందే అలవాటు చేసుకోండి.

ప్రవర్తన గురించిన రౌండ్‌ను మనవాళ్లు తేలిగ్గా తీసుకుంటారు. అమెజాన్‌లో 16 లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్ చుట్టూనే ఈ ప్రశ్నలు తిరుగుతాయి. "మా టీమ్ అంతా కలిసి చేశాం" అన్నది మర్యాదే. కానీ అందులో మీ చేతి పని ఏదో నేనెలా రాయను? ఏ నిర్ణయం మీది, ఎవరు కాదన్నారు, చివరికి ఎన్ని మిల్లీసెకన్లు తగ్గాయి, అది చెప్పండి.

సమయం విషయంలో ఒక జాగ్రత్త. అమెరికాలో గడియారాలు మార్చి రెండో ఆదివారం ముందుకు జరుగుతాయి, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. మనకు ఆ మార్పు లేదు కాబట్టి లండన్‌తో ఐదున్నర గంటల తేడా వేసవిలో నాలుగున్నర అవుతుంది. ఆహ్వానంలో ఉన్న టైమ్ జోన్ చూసుకోండి.

వీసా, జీతం సంగతి మొదటి కాల్‌లోనే రిక్రూటర్‌తో తేల్చుకోండి, మొహమాటం వద్దు. బ్రిటన్, నెదర్లాండ్స్ ప్రభుత్వాలు స్పాన్సర్ చేయగల కంపెనీల జాబితాలను బహిరంగంగానే పెడతాయి. అమెరికా హెచ్-1బీకి ఏటా 85,000 పరిమితి ఉంది, మార్చిలో రిజిస్ట్రేషన్, పని మొదలయ్యేది అక్టోబర్ 1 తర్వాతే. జీతం ఎంత కావాలని అడిగితే ఆ పోస్టుకు రేంజ్ ఎంతో తిరిగి అడగండి. కాలిఫోర్నియా, కొలరాడో, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో చాలా కంపెనీలు చట్టప్రకారం ప్రకటనలోనే అది చెప్పాలి. షేర్లు ఇస్తామంటే ఎన్నేళ్లలో చేతికొస్తాయో చూడండి. నాలుగేళ్లు, మొదటి ఏడాది నిండేదాకా ఏమీ రాకపోవడం మామూలే.

ఆఫర్ కాగితం రాగానే రాజీనామా చేయకండి. చేరే తేదీని వీసా వచ్చిన రోజు నుంచి, మీ నోటీస్ పీరియడ్ కలుపుకుని లెక్కించమని మెయిల్‌లో అడిగి, ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తెప్పించుకోండి.