టెక్సస్ మొదటి మంగళవారం వేలం: పన్ను బాకీ, కాంట్రాక్టర్ లీన్ ముందే చూసుకోండి

టెక్సస్‌లో బ్యాంకు వేలమూ (లోను కట్టని ఇల్లు అమ్మేది), పన్ను వేలమూ (ప్రాపర్టీ టాక్స్ కట్టని ఇల్లు అమ్మేది) రెండూ నెలలో మొదటి మంగళవారమే. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, కొన్నాక మీ నెత్తిన మిగిలే బాకీలు వేరు. నోటీసు చేతికి రాగానే అమ్మేది ఎవరో చూడండి.

అమ్మేది బ్యాంకైతే పన్ను బాకీ ఇంటితోపాటే వస్తుంది. ప్రాపర్టీ టాక్స్ లీన్ (బాకీ కింద ఇంటి మీద ఉండే హక్కు) ఏటా జనవరి 1న దానంతటదే పడుతుంది. ఎన్నేళ్ల పాత బ్యాంకు లోనైనా, పని చేసి డబ్బు అందని కాంట్రాక్టర్ లీనైనా దాని వెనకే నిలబడాలి. జూన్‌లో కొన్నారనుకోండి, ఆ ఏటి బిల్లు అక్టోబరు దాకా కనిపించదు, లీన్ మాత్రం అప్పటికే ఉంటుంది. పాత బాకీ ఎంతో కౌంటీ టాక్స్ ఆఫీసులో కనుక్కోండి. జనవరి 31 దాటిన 10,000 డాలర్ల బిల్లు ఫిబ్రవరిలో 10,700 అవుతుంది, జూలైకి 11,800. దాని మీద లాయరు వసూలు ఖర్చు 20 శాతం పడితే 14,160. హ్యూస్టన్ చుట్టుపక్కల మడ్ (MUD, నీళ్లు, డ్రైనేజీ చూసే స్థానిక డిస్ట్రిక్ట్) పన్నును తరచు వేరే ఆఫీసు వసూలు చేస్తుంది, అక్కడా అడగాలి.

కాంట్రాక్టర్ లీన్ దగ్గర ఎక్కువమంది పొరబడేది తేదీ విషయంలో. లీన్ అఫిడవిట్ (బాకీ ఉందని ప్రమాణం చేసి ఇచ్చే కాగితం) ఆగస్టులో వేసినా, పని కంటికి కనిపించేలా మొదలైన రోజే లెక్క. బ్యాంకు డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి తాకట్టు పత్రం) మార్చి 10న రికార్డై, మార్చి 8కే పునాది గుంతలు తవ్వి ఉంటే కాంట్రాక్టరే ముందు. బ్యాంకు వేలంలో కొన్నా ఆ లీన్ పోదు. డీడ్ ఆఫ్ ట్రస్ట్ రికార్డయ్యాక పని మొదలైతే ఆ లీన్ వేలంతో చెరిగిపోతుంది, ఒక మెలికతో: ఇంటికి దెబ్బ తగలకుండా ఊడదీయగల డిష్‌వాషర్ లాంటి వాటి మీద కాంట్రాక్టర్‌కే ముందు హక్కని 1974లో టెక్సస్ సుప్రీంకోర్టు తేల్చింది. తళతళలాడే కొత్త వంటిల్లు చూసి పాట పెంచేవాళ్లకి ఇది గుర్తుండదు.

యజమాని కాపురమున్న హోమ్‌స్టెడ్ ఇంటి మీద లీన్ నిలవాలంటే పని మొదలవకముందే రాతపూర్వక ఒప్పందం, భార్యాభర్తలైతే ఇద్దరి సంతకాలు, కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డు ఉండాలి. క్లర్క్ రికార్డుల్లో ఆ ఒప్పందం తీయించి సంతకాలు లెక్కపెట్టండి.

పన్ను వేలంలో వ్యవహారం వేరు. అక్కడ కాంట్రాక్టర్ లీన్ పోవాలంటే, రికార్డులో ఉన్న ఆ కాంట్రాక్టర్‌ని పన్ను దావాలో పార్టీగా చేర్చి ఉండాలి. డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర జడ్జిమెంట్ తీసుకుని, ప్రతివాదుల పేర్లనూ రికార్డైన లీన్ల పేర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. దావాలో లేని పేరు ఒక్కటి తేలినా ఆ లీన్ మీతో వస్తుంది. ఈ పని వారం ముందు ఒకసారి, సోమవారం సాయంత్రం మళ్లీ చేయాలి.

మీరే ఆ కాంట్రాక్టరైతే దావా కాగితం పక్కన పడేయకండి. పన్ను పోగా మిగిలిన డబ్బు కోర్టులో ఉంటుంది, వేలం తేదీ నుంచి 2 ఏళ్లలోపు పిటిషన్ వేసుకోవాలి.

పన్ను వేలంలో కొన్న ఇంటిని పాత యజమాని విడిపించుకోవచ్చు. మీ డీడ్ రికార్డైన రోజు నుంచి హోమ్‌స్టెడ్‌కి 2 ఏళ్లు, అద్దెకిచ్చిన ఇంటికి 180 రోజులు గడువు. విడిపించుకుంటే మీరు కట్టిన దాని మీద మీకు మొదటి ఏడాదిలో 25 శాతం, రెండో ఏడాదిలో 50 శాతం అదనంగా ముడుతుంది గానీ రిమోడలింగ్ ఖర్చు తిరిగి రాదు. అందాకా పైకప్పు కారితే బాగు చేయించండి, గ్రానైట్ జోలికి పోకండి.