బైక్ సీటు ఎత్తు తగ్గించే ముందు

స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మి.మీ. హీరో వారి మట్టిదారుల బండి ఎక్స్‌పల్స్ 200ది 825. ఈ నాలుగు సెంటీమీటర్ల తేడాకే పొట్టివాళ్లు సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద నిలబడాల్సి వస్తుంది. దాంతో షోరూమ్ నుంచి బండి తెచ్చిన వారానికే షాకర్లు మార్పించడానికి మెకానిక్ దగ్గరికి పోతారు. నన్నడిగితే షాకర్ల మీద చెయ్యి వేయడం అన్నిటికన్నా చివర్లో చేయాల్సిన పని.

మొదట మందపాటి సోలు ఉన్న బూట్లు వేసుకుని చూడండి. రెండు కాళ్లూ పూర్తిగా నేలకు ఆనాలన్న పట్టుదల వద్దు. కాస్త పక్కకు జరిగి ఎడమ పాదం గట్టిగా ఆనిస్తే చాలు, కుడికాలు బ్రేక్ మీద ఉంటుంది.

తర్వాత ప్రీలోడ్, అంటే షాకర్ స్ప్రింగు ముందే ఎంత బిగిసి ఉందో చూడండి. ఎక్స్‌పల్స్ వెనక చక్రం 170 మి.మీ. వరకు పైకీ కిందికీ ఆడుతుంది, షాకర్ బిగువును పది మెట్లలో సర్దుకోవచ్చు. మనిషి ఎక్కగానే వెనకభాగం 50 మి.మీ. దాకా దిగడం మామూలే. బరువు తక్కువున్నవాళ్లు కూర్చుంటే అంత దిగదు, సీటు పైనే ఉండిపోతుంది. ఒకటి రెండు మెట్లు వదులు చేస్తే పైసా ఖర్చు లేకుండా ఎత్తు తగ్గుతుంది. అయితే వెనక మనిషినీ లగేజీనీ ఎక్కించుకునే రోజు మళ్లీ బిగించాలి. లేదంటే స్పీడ్ బ్రేకర్ మీద షాకర్ చివరిదాకా దిగి దడేల్మని కొడుతుంది.

ఆ తర్వాతే సీటు. ఒరిజినల్ సీటు కోయించకండి, ఇంకోటి కొనుక్కోండి. స్పాంజి మందం తగ్గించడం కన్నా తొడలు ఆనే చోట అంచులు చెక్కి సన్నం చేయిస్తే కాలు తిన్నగా కిందికి వస్తుంది. మందం మరీ తీసేస్తే శ్రీశైలం పోయి వచ్చేసరికి కింది ప్లాస్టిక్ పళ్లెం ఎముకలకు తగులుతుంది. రెగ్జిన్ కింద పలచని ప్లాస్టిక్ షీటు వేయమని సీటు కుట్టేవాళ్లకు గట్టిగా చెప్పండి. అది లేకపోతే ఒక్క వానకే స్పాంజి నీళ్లు పీల్చుకుంటుంది, రెండు రోజులైనా ఆరదు.

ఇంత చేసినా చాలకపోతేనే సస్పెన్షన్, అంటే వెనక షాకర్, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు. ఇక్కడ ఒకటి కదిపితే నాలుగు కదులుతాయి. వెనక మాత్రమే దించితే ముందు ఫోర్కు ఇంకా వాలుతుంది, హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. ముందు మాత్రమే దించితే స్పీడులో హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. కాబట్టి వెనక షాకర్‌ను చక్రం వైపు కలిపే లింక్ ప్లేట్లు మార్చినా, పొట్టి షాకర్ వేసినా, ఫోర్కును హ్యాండిల్ దగ్గర పట్టి ఉంచే క్లాంపుల్లో దాని గొట్టాలను కూడా దానికి తగ్గట్టు కొంచెం పైకి జరపాలి. రెండు వైపులా సమానంగా జరిగాయో లేదో స్కేలుతో కొలవండి. బోల్టులు మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కే, అంటే అంత బిగువుకే బిగించాలి. ఫోర్కు పూర్తిగా దిగినప్పుడు మడ్‌గార్డు కింది క్లాంపుకు తగలకూడదు. హ్యాండిల్ అటూ ఇటూ చివరిదాకా తిప్పినప్పుడు బ్రేక్ పైపు, కేబుళ్లు లాగకూడదు. ఒక ఫోర్కు గొట్టానికి జిప్ టై కట్టి నడిపితే అది ఎంత దిగుతోందో కనిపిస్తుంది.

పని చేసేటప్పుడు బండిని సైడ్ స్టాండ్ మీద నమ్ముకోవద్దు. ఇంజిన్ కింద జాకీ పెట్టాకే షాకర్ బోల్టు విప్పాలి.

స్ప్రింగు కోసి దించుతామనో, గ్యాస్ మంటతో కాల్చి అణిచేస్తామనో ఎవరైనా అంటే బండి తీసుకుని వచ్చేయండి. కోసిన స్ప్రింగు మరింత గట్టిపడుతుంది, కాల్చినది సత్తువ పోగొట్టుకుంటుంది. గ్యాస్ నింపిన షాకర్‌ను లోపలికి తెరవడం ప్రాణాలతో ఆట.

బండి ఎత్తు తగ్గాక సైడ్ స్టాండ్ పొడవు ఎక్కువవుతుంది. బండి నిటారుగా నిలబడి, గాలి తోసినా అవతలికి పడుతుంది. స్టాండ్‌ను కొంత కోయించి వెల్డింగ్ చేయించక తప్పదు. చైన్ లూజు కూడా కొత్తగా చూసుకోవాలి, కూర్చున్నాక ఒకసారి, దిగాక ఒకసారి. ఎక్స్‌పల్స్‌కు నేలకూ బండికీ మధ్య 220 మి.మీ. ఖాళీ ఉందన్న ధీమా ఇక చెల్లదు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వారంటీ, ఇన్సూరెన్స్ షరతులు ముందే చదివి, తీసేసిన భాగాలన్నీ అట్టపెట్టెలో దాచండి.

మొదటిరోజు ఖాళీ రోడ్డు మీద, ఒక్కరే, నెమ్మదిగా నడపండి. 50 కిలోమీటర్ల తర్వాత విప్పిన బోల్టులన్నీ మళ్లీ చూసుకున్నాకే వెనక మనిషిని ఎక్కించుకోండి.